లార్క్‌మీడ్ చరిత్రలో ముప్ఫై నాలుగో పేజీ

1956 సెప్టెంబరు 3, సోమవారం

మా ఆయన పెర్సీ పోయాక మళ్ళీ డైరీ పట్టడం ఇదే. ఏడేళ్ళయింది. రాయడానికి ఏముందని ఊరుకున్నాను.

ఇవాళ పెద్దాయన పిలిపించారు. నేను గదిలోకి అడుగు పెట్టగానే సెల్విన్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. సినిమా స్టూడియో కట్టిన మనిషి, కంటిన్యుటీ చూసుకునే ఆడమనిషి వస్తే లేచి నిలబడతారు. ముప్ఫై ఏళ్ళుగా అంతే. అలాంటి యజమాని ఇంకెక్కడైనా ఉంటాడా?

“హిల్డా, నవంబరుకి లార్క్‌మీడ్‌కి ముప్ఫై ఏళ్ళు నిండుతాయి. మన చరిత్ర ఒక చిన్న పుస్తకంగా వేద్దామనుకుంటున్నాను. మీరు రాయాలి.”

“నేనా సార్? ముందు షాటులో గ్లాసు ఏ చేతిలో ఉంది, టోపీ ఏ పక్కకి వాలింది, అవే కదా నేను రాసేవి! పుస్తకమేమిటి, నేనేమిటి?”

“అందుకే మీరు రాయాలి. మీ కంట్లోంచి ఏదీ జారదని అందరికీ తెలుసు. మీరు రాశారంటే ఇక ఎవరూ మారు మాట్లాడరు.”

టైపు చేయించిన నాలుగు కాగితాలు ఇచ్చారు. ఏ ఏడాది ఏం జరిగిందో వరసగా ఉంది. 1936 దగ్గర ఒకే వాక్యం: “ఒక పనివాడు అజాగ్రత్తగా సిగరెట్ కాల్చడం వల్ల ఫిల్ము గది దగ్ధమైంది.”

నేను దాన్నే చూస్తున్నానని గమనించి మెల్లగా అన్నారు. “పేరు వద్దు. పెర్సీ పేరు ఎక్కడా రానివ్వకండి. పోయిన మనిషి.”

కళ్ళు చెమర్చాయి. ఇంటికొచ్చే దారంతా అదే అనుకున్నాను, ఎంత మంచివారో అని.

సెప్టెంబరు 6

మొదటి పేజీ ఐదుసార్లు చింపాను.

సెప్టెంబరు 12, బుధవారం

దారి దొరికింది. ఎవరికో చెబుతున్నట్టు రాస్తే వస్తోంది.

1926లో లార్క్‌మీడ్ అంటే పూలమొక్కల వ్యాపారి అమ్మేసిన రెండు అద్దాల షెడ్లు. ఎండ ఉంటే షూటింగు, మబ్బు పడితే పేకాట. టమాటా తీగలు ఇంకా మూల మూలల్నుంచి మొలుస్తూనే ఉండేవి. రాణి వేషం వేసినావిడ సింహాసనం మీద కూర్చుని టమాటాలు తింటుంటే ఆవిడ ఒళ్ళోంచి ఎన్ని ఎత్తుకెళ్ళానో లెక్కలేదు. మరకపడితే షాటు కలవదు మరి.

మాటల సినిమా వచ్చాక గాజు కప్పు మీద వాన పడితే చాలు, ఏమీ వినపడేది కాదు. కప్పంతా గోనె సంచులు కప్పించారు. పక్కనే రైలు కట్ట. నాలుగు ఇరవైకి రీడింగ్ ఊరెళ్ళే బండి దాటేదాకా ప్రేమికులు నోరు తెరిచే వీల్లేదు. యుద్ధంలో ప్రభుత్వం స్టూడియో తీసుకుని పంచదార బస్తాలు పెట్టింది. తిరిగి ఇచ్చాక ఏడాదిపాటు సెట్ల మీద చీమలే చీమలు.

ఇవన్నీ రాస్తుంటే నాలో నేనే నవ్వుకున్నాను. 1936 సంగతి తర్వాత రాస్తాను.

సెప్టెంబరు 16, ఆదివారం

నోరా వచ్చింది. రీడింగ్ ఆసుపత్రిలో నర్సు నా కూతురు. నెలకోసారి వస్తుంది. కోటు విప్పకముందే టైములో సగం అయిపోయినట్టు కూర్చుంటుంది.

మాంసం కోస్తూ పుస్తకం సంగతి చెప్పాను. ఫోర్కు కింద పెట్టేసింది.

“నాన్న గురించి ఏం రాస్తావు?”

“పేరు రాయొద్దన్నారు సెల్విన్‌గారు. మన పరువు కోసమే.”

“మన పరువా, ఆయన పరువా?”

“నోరా, మీ నాన్న చేసిన పనికి నన్ను కూడా గెంటేయాల్సింది. ఆయన గెంటలేదు. నిన్ను చదివించింది ఆ జీతమే.”

“నాన్న సిగరెట్ తాగలేదమ్మా. ఫిల్ము గది కాపలాదారు. అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని ఇల్లు కూడా దాటేవాడు కాదు. నీకు తెలీదా?”

“అప్పుడు నీకు ఎనిమిదేళ్ళు.”

“అవును. ఎనిమిదేళ్ళే.”

కస్టర్డ్ ముట్టకుండా వెళ్ళిపోయింది. తండ్రంటే పిచ్చి ప్రేమ, దానికి ఎవరేం చేస్తారు? అంతే. ఇంకేమీ లేదు.

సెప్టెంబరు 20

1936 తర్వాత రాస్తాను. 1937 నుంచి మొదలుపెట్టాను.

సెప్టెంబరు 27, గురువారం

పాత రోజుల కబుర్లు కావాలని స్టెయిన్స్‌లో ఉన్న ఎర్నీ టపెన్ ఇంటికి వెళ్ళాను. ఇరవై ఆరేళ్ళు దీపాలు పట్టినవాడు, పెర్సీకి ప్రాణ స్నేహితుడు. పెర్సీ ఉద్యోగం పోయాక మా గుమ్మం తొక్కలేదు. సిగ్గుపడ్డాడేమో, అలాంటివాడితో స్నేహం చేసినందుకు అనుకునేదాన్ని.

డెబ్భై రెండేళ్ళు, ఊపిరి అందడం లేదు. నన్ను చూసి పళ్ళులేని నోటితో నవ్వాడు. “ఏమ్మా హిల్డా, నువ్వింకా ఎవరి బొత్తాం ఊడిందో చూస్తూనే ఉన్నావా?”

టమాటాల సంగతి, చీమల సంగతి చెప్పుకుని నవ్వుకున్నాం. తర్వాత నిప్పు దగ్గరికొచ్చేసరికి ఎర్నీ ఉన్నట్టుండి కిటికీ వైపు తిరిగాడు.

“ఏమని రాస్తున్నావ్?”

“సిగరెట్ అని. పేరు లేకుండా.”

“రాయొద్దు.”

“మరేం రాయను?”

“నా దీపం అని రాయి.”

నాకు అర్థం కాలేదు. అతను చెప్పుకుపోయాడు. జైలు కథ తీస్తున్నాం, హీరోయిన్ గురువారం ఓడెక్కాలి, జైలు నడవ సెట్ వేసే టైము లేదు. ఫిల్ము గది ముందు ఇటుక నడవ ఉంది కదా, ఆ ఇనప తలుపే జైలు గది తలుపు అయిపోతుందన్నారు పెద్దాయన. తాళాలు ఇవ్వనన్నాడు పెర్సీ. లోపల వేల అడుగుల ఫిల్ము, ఆ రోజుల ఫిల్ము నిప్పురవ్వ పడితే పెట్రోలులా మండేది. “సార్, ఈ తలుపు తెరిచి పెట్టి ఆర్క్ దీపాలు వెలిగిస్తారా? నన్ను చంపండి ముందు” అన్నాడట. పెద్దాయన నవ్వి, అతని నడుముకున్న తాళాల గుత్తి తనే విప్పుకున్నారట.

“నాలుగుంపావుకి నా దీపంలో మండే బొగ్గు కడ్డీ ముక్క రాలింది హిల్డా. ఎర్రగా. గుమ్మం లోపలికి దొర్లింది. నేను చూశాను. పెర్సీ నన్ను పక్కకి తోసి లోపలికి దూకి డబ్బాలు బయటికి విసిరాడు. చేతుల చర్మం ఊడిపోతున్నా విసిరాడు. అలాంటివాడిని నేను...” ఆయాసం వచ్చి ఆగాడు. “బయటపడితే జైలుకి పోయేది నువ్వేరా అన్నారు పెద్దాయన. నోరు మూసుకున్నాను. పెర్సీ కాక చూసినవాళ్ళం నలుగురం. ఇద్దరు యుద్ధంలో పోయారు. మిగిలింది నేనూ ఆయనా.”

“అబద్ధం! మూడున్నరకే షూటింగు ఆపేశారు. సెల్విన్‌గారే నాతో చెప్పారు.”

“పొద్దున ఆ నడవలో నువ్వూ ఉన్నావుగా పిల్లా. నన్నెందుకు అడుగుతావ్?”

టీ పూర్తిగా తాగకుండానే లేచి వచ్చేశాను.

సెప్టెంబరు 28

ఎర్నీకి మతి తప్పింది. ముసలితనం.

సెప్టెంబరు 30

నేను ఆ రోజు మూడింటికే ఇంటికొచ్చేశాను. నోరాకి జ్వరమని పక్కింటావిడ కబురు పెట్టింది. చివరిదాకా ఉంటే నాకు తెలిసేది. లేను కాబట్టి తెలియదు. తప్పేముంది?

అక్టోబరు 3

నా కంటిన్యుటీ పుస్తకాలన్నీ బీరువా పైన వరసగా ఉన్నాయి, ఏ ఏడాదివి ఆ ఏడాదికి. దుమ్ము దులిపాను. తెరవలేదు.

అక్టోబరు 6, శనివారం

తెరిచాను.

1936 ఫిబ్రవరి 11, మంగళవారం. నా రాతే. “షాటు 214. నడవ. ఇనప తలుపు పూర్తిగా తెరిచి. ఆర్క్ దీపాలు రెండు, ఎడమ గోడ.” కింద గీత గీసి, నేను బయల్దేరుతూ రాసిన మాట: “మిగిలినవి 215, 216, 217. మూడూ ఇక్కడే.”

ఒక్కో షాటుకి కనీసం ముప్పావు గంట. మూడింటి తర్వాత మూడు షాట్లుంటే మూడున్నరకి దీపాలు ఎలా ఆరిపోతాయి? కంటిన్యుటీ చూసే మనిషికి ఈ మాత్రం తెలియదా?

తెలుసు. ఆ మర్నాడే తెలుసు. సెల్విన్‌గారు నా భుజం మీద చెయ్యి వేసి “మూడున్నరకే ఆపేశాం హిల్డా” అన్నప్పుడు, ఆ మూడు నంబర్లూ నా బుర్రలోనే ఉన్నాయి. ఆయన చెప్పారు కదా అని వాటిని పక్కన పెట్టేశాను.

అక్టోబరు 9, మంగళవారం

పుస్తకం సంచిలో పెట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. ఎప్పట్లాగే లేచి నిలబడ్డారు. నేను కూర్చోలేదు.

“మూడున్నరకే షూటింగు ఆపేశామన్నారు సార్.”

ఏ షూటింగని అడగలేదు. అదే నాకు ముందుగా తగిలింది.

“ఎర్నీ చెప్పాడా?”

“నా పుస్తకం చెప్పింది. ఇంకా మూడు షాట్లున్నాయి.”

టీ పోశారు. “హిల్డా, అక్కడ దీపాలున్నాయని తెలిస్తే బీమా కంపెనీ చేతులెత్తేసేది. స్టూడియో మూతపడేది. మూడు వందల మంది రోడ్డున పడేవాళ్ళు. పెర్సీని బలవంతపెట్టలేదు. అడిగాను. ఒప్పుకున్నాడు.”

“ఎందుకు ఒప్పుకున్నాడు?”

“మీ ఉద్యోగానికి ఢోకా ఉండదన్నాను. గొడవ సద్దుమణిగాక, ఆరు నెలల్లో అతన్నీ వెనక్కి తీసుకుంటానన్నాను.”

“తీసుకోలేదు.”

“ఇంతలో యుద్ధం వచ్చిపడింది కదా.”

“యుద్ధం మూడేళ్ళ తర్వాత వచ్చింది సార్.”

మొదటిసారి నా మొహం మీంచి చూపు తిప్పుకున్నారు. కాసేపటికి కొత్త గొంతుతో మొదలుపెట్టారు. స్టూడియో అమ్మేశారట. జనవరి నుంచి టెలివిజన్ వాళ్ళది. ఎవరికీ ఇంకా తెలియదట. చాలామందికి పని పోతుంది. “వాళ్ళకి మీలాంటి మనిషి అవసరం. నేనొక్క మాట చెబితే మీ కుర్చీ కదలదు. పుస్తకం మాత్రం నేనిచ్చిన నాలుగు కాగితాల ప్రకారం పోవాలి. పెర్సీ కూడా అదే కోరుకునేవాడు.”

అదే బేరం. ఇరవై ఏళ్ళ కిందట పెర్సీ ఎక్కడ నిలబడి విన్నాడో సరిగ్గా అక్కడే నిలబడి ఉంటాను.

ఉద్యోగం పోయిన మొగుడు రోజూ పొద్దున నాతో గేటుదాకా నడిచొచ్చేవాడు. నేను లోపలికి వెళ్ళాక కంకర క్వారీలో పనికి పోయేవాడు, కాలిన చేతులతో. సెల్విన్‌గారి కారు ఎదురైతే ఆయన టోపీ ఎత్తి పలకరించేవారు. అది చూసి ఎంత మర్యాద అనుకునేదాన్ని.

అక్టోబరు 10

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

నిప్పంటుకున్న వారానికి, వంటింట్లో, టీ వేళకి. పెర్సీ చేతులకి కట్లు. రొట్టె ముక్క నేనే నోట్లో పెడుతున్నాను. నమలడం ఆపి అన్నాడు. “హిల్డా, నేను సిగరెట్ కాల్చలేదు. అక్కడ...”

“అబద్ధాలాడకు పెర్సీ,” అన్నాను. “నీ వల్ల ఆయన అంత నష్టపోయి కూడా నన్ను ఉండనిచ్చారు. కనీసం అబద్ధాలాడకు.”

నోట్లోది నమిలి మింగాడు. తర్వాత “సరే” అన్నాడు. పదమూడేళ్ళు బతికాడు మళ్ళీ ఆ మాట ఎత్తకుండా.

అక్టోబరు 14, ఆదివారం

ఆయన చెప్పినట్టే రాసిచ్చేస్తాను. పోయినవాళ్ళకి పుస్తకాలతో పనేముంది? నాకు యాభై ఆరు. కొత్తగా ఎవరిస్తారు పని? పెర్సీ ఉన్నా అదే అనేవాడు.

అక్టోబరు 17

పెర్సీ ఏమనేవాడో నాకు తెలియదు. నేను అననిచ్చింది ఎప్పుడు గనక?

అక్టోబరు 22, సోమవారం

ముప్ఫై నాలుగో పేజీ ఇవాళ టైపు చేశాను. తాళాలు ఇవ్వనన్నది పెర్సీ ప్రౌట్ అని, తీసుకున్నది ఎవరో, ఎందుకో, ఏ షాటుకో, అన్నీ. దీపం తనదేనని ఎర్నీ కిందటి వారమే సంతకం చేసి కాగితం పంపాడు. మొత్తం కట్ట తీసుకెళ్ళి ప్రెస్సు యజమాని చేతిలో నేనే పెట్టాను. “చాలా బాగా రాశారండీ, పొద్దున్నే అచ్చుకిస్తాను” అన్నాడు చదవకుండానే.

బయటికొచ్చాక కాళ్ళు తేలికయ్యాయి.

నవంబరు 8

ప్రూఫులు ఎప్పుడొస్తాయని అడిగాను. స్టూడియో ఆఫీసు వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారట. “మీకు చూపించలేదా?” అన్నాడు ప్రెస్సాయన, పాపం, నిజంగానే ఆశ్చర్యపోయి.

అప్పుడే తెలిసిపోయింది నాకు. అయినా ఆయన అంత పని చేయరని నాలుగు రోజులు నాకు నేనే చెప్పుకుంటాను. నా అలవాటు నాకు తెలుసు.

నవంబరు 25, ఆదివారం

నిన్న మధ్యాహ్నం విందు. మొదటి షూటింగు ఫ్లోర్‌లో పొడుగు బల్లలు వేశారు. దాదాపు రెండు వందల మంది. నోరాని తీసుకెళ్ళాను. ఎర్నీని అతని మేనల్లుడు కారులో తెచ్చాడు, సూయజ్ గొడవతో పెట్రోలు దొరకడం లేదని దారంతా సణుగుతూ. అమ్మకం సంగతి ఈపాటికి అందరికీ పొక్కింది. వడ్రంగులు తినడం తక్కువ, తాగడం ఎక్కువ.

ప్రతి పళ్ళెం పక్కన ఒక పుస్తకం. నీలం అట్ట, మీద నా పేరు. ముప్ఫై నాలుగో పేజీ తీశాను.

“ఒక పనివాడు అజాగ్రత్తగా సిగరెట్ కాల్చడం వల్ల...”

నా టమాటాలు, నా చీమలు, నా రీడింగ్ బండి అన్నీ ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి. వాటి మధ్య ఆయన వాక్యం, నా చేతిరాతంత సహజంగా. ఆయన అన్నది నిజమే. నేను రాశానంటే ఎవరూ మారు మాట్లాడరు. అందుకే కదా నన్ను పిలిచింది.

“రచయిత్రి రెండు మాటలు చెప్పాలి!” అన్నారు పెద్దాయన చప్పట్లు కొడుతూ.

లేచాను. “ముప్ఫై నాలుగో పేజీ నేను రాసింది కాదు” అన్నాను. పాత కంటిన్యుటీ పుస్తకం తెరిచి షాటు నంబర్లు చదివాను. తలుపు, దీపాలు, తాళాలు. ఎవరు అడిగారో, ఎవరు ఇవ్వనన్నారో. గొంతు ఎక్కడా పెరగలేదు. సెట్ మీద తప్పు ఎత్తి చూపేటప్పుడు ఎలా చెబుతానో అలాగే చెప్పాను.

వెనక బల్ల దగ్గర ఎర్నీ మేనల్లుడి భుజం పట్టుకుని లేచాడు. “దీపం నాదే. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం,” అని గ్లాసు ఎత్తాడు. “పెర్సీ ప్రౌట్!” ఒక వడ్రంగి లేచాడు. తర్వాత రంగులవాళ్ళు, దీపాలవాళ్ళు, బట్టలు కుట్టే ఆడవాళ్ళు. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది.

పెద్దవాళ్ళ బల్ల దగ్గరివాళ్ళు మాత్రం కదల్లేదు. అప్పుడు సెల్విన్‌గారు లేచారు. ఆయన కళ్ళలో నీళ్ళు. గ్లాసు అందరికంటే ఎత్తుగా ఎత్తి అన్నారు. “పెర్సీ ప్రౌట్. ఈ స్టూడియోని కాపాడినవాడు.”

హాలంతా చప్పట్లు.

నాకా, పెర్సీకా, ఆయనకా? బయటికొస్తుంటే మేకప్ వేసే అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. “ఎంత గొప్ప మనసండీ పెద్దాయనది! అంతమందిలో లేచి నిలబడ్డారు.”

అది కూడా తీసుకున్నాడు.

ఇంటికి నడుస్తూ నోరాతో అన్నాను, “మీ నాన్న పేరు అందరూ విన్నారు, చాలు.” నోరా రైలు వంతెన దగ్గర ఆగింది.

“ఆయన సంగతి చెప్పావు. ఎర్నీ తన సంగతి తనే చెప్పుకున్నాడు. నీ సంగతి చెప్పలేదేం?”

“నా సంగతేమిటి?”

“అబద్ధాలాడకు పెర్సీ.”

నా గొంతే విన్నట్టయింది. ఆ తీరు, ఆ విసురు, అంతా నాదే.

“మెట్ల మీద ఉన్నానమ్మా. టీకి పిలుస్తావని దిగుతున్నాను. నాన్న ‘సరే’ అనడం కూడా విన్నాను. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఎప్పటికైనా చెబుతావేమోనని.”

రైలు వెళ్ళింది. అది వెళ్ళేదాకా ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత నోరా స్టేషన్‌కి, నేను ఇంటికి.

నవంబరు 29

టెలివిజన్ వాళ్ళ జాబితా గోడకి అంటించారు. నా పేరు లేదు. స్థానిక పత్రికలో విందు గురించి పావు పేజీ వేశారు, పెద్దాయన కన్నీటితో సహా.

డిసెంబరు 8, శనివారం

నోరాకి ఉత్తరం రాశాను. వస్తుందనుకోలేదు. వచ్చింది.

బల్ల మీద నీలం అట్ట పుస్తకం పెట్టాను. ముప్ఫై నాలుగో పేజీలో ఆయన వాక్యం కొట్టేసి, ఖాళీలో సిరాతో రాశాను: “తాళాలు ఇవ్వనన్నది పెర్సీ ప్రౌట్. వాటిని తీసుకున్నది ఆబ్రీ సెల్విన్. దీపం ఎర్నీ టపెన్‌ది. పెర్సీ నిజం చెప్పబోతే అబద్ధమన్నది అతని భార్య హిల్డా, ఈ పుస్తకం రాసిన మనిషి.”

నోరా నిలబడే చదివింది. రెండుసార్లు చదివింది. విప్పేసిన కోటు మళ్ళీ తొడుక్కుంది. వెళ్ళిపోతోందనుకున్నాను.

“లైబ్రరీ ఒంటిగంటకి మూసేస్తారు,” అంది. “పద.”

కౌంటర్ దగ్గరున్నావిడ స్టూడియో పుస్తకమని సంబరంగా తీసుకుంది. పేజీలు తిరగేస్తూ ఆగి, మొహం చిట్లించింది. “అయ్యో, ఇందులో ఎవరో పిచ్చిరాతలు రాశారండీ. ఇలాంటివి మేం తీసుకోం.”

నేను పుస్తకం వెనక్కి తీసుకోబోయాను.

“పిచ్చిరాతలు కావు,” అంది నోరా. “రచయిత్రే దిద్దింది. మా అమ్మ.”

ఆవిడ నన్ను చూసింది, అట్ట మీద పేరు చూసింది, మళ్ళీ ఆ పేజీ తీసి చివరిదాకా చదివింది. తర్వాత తేదీ ముద్ర అందుకుంది. పుస్తకాన్ని ఊరి చరిత్ర అరలో పెట్టేదాకా మేమిద్దరం అక్కడే నిలబడ్డాం.